తక్కువ ఖర్చుతో మెడెయిన్: వారం రోజుల ప్రయాణానికి పూర్తి మార్గదర్శి

కొలంబియాలోని మెడెయిన్ వెళ్దామనుకునే మనవాళ్ళు నన్ను తిప్పితిప్పి అడిగేవి నాలుగే ప్రశ్నలు. వీసా కావాలా? రోజుకెంత అవుతుంది? శాకాహారం దొరుకుతుందా? భయమేమీ లేదా? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే, ఏ పని తర్వాత ఏ పని చేసుకోవాలో మొత్తం ఒక్కచోట రాస్తున్నాను.

ముందు ఊరి పేరు. దాన్ని రెండు ‘ఎల్’లతో రాస్తారు కాబట్టి మనం మెడెల్లిన్ అని చదివేస్తాం. పలకాల్సింది మెడెయిన్. ఊరివాళ్ళ నోట అది ‘మెదెజీన్’లా వినిపిస్తుంది. బస్సు కౌంటర్ దగ్గర ఈ సంగతి గుర్తుంటే పని తేలికవుతుంది.

ఇంకో మాట. ఈ ఊళ్ళో డబ్బు మిగిలేది బేరమాడటం వల్ల కాదు. మెట్రో దగ్గర గది, మధ్యాహ్నం కడుపునిండా భోజనం, ఉదయం పూట తిరుగుడు. ఈ మూడూ కుదిరితే ఖర్చు దానంతటదే తగ్గుతుంది. అలా మిగిలిన దాంట్లో కొంత రాత్రి టాక్సీకి, టీకాకి, మంచి తాళానికి పెట్టండి. వాటి దగ్గర మాత్రం పొదుపు చేయకండి.

## 1. టికెట్ కొనకముందే: వీసా

భారత పాస్‌పోర్టు మీద కొలంబియా వెళ్ళాలంటే వీసా కావాలి. కానీ మీ పాస్‌పోర్టులో అమెరికా వీసా గానీ యూరప్ దేశాల ఉమ్మడి షెంగెన్ వీసా గానీ ఉండి, కొలంబియాలో దిగే రోజుకు దానికి ఇంకా కనీసం 180 రోజుల గడువు ఉంటే, విడిగా వీసా అక్కర్లేదు. దిగాక 90 రోజుల వరకు ఉండటానికి ముద్ర వేస్తారు. అమెరికా సీ-1 ట్రాన్సిట్ వీసా మాత్రం దీనికి పనికిరాదు.

ఇవేవీ లేనివాళ్ళు కొలంబియా విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో టూరిస్ట్ వీసాకు ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు. వీసా వచ్చాకే టికెట్ కొనండి. వీసా అక్కర్లేని వాళ్ళు కూడా టికెట్‌కు డబ్బు కట్టే రోజున అదే వెబ్‌సైట్‌లో నిబంధన ఇంకోసారి చూసుకోండి. ఇలాంటివి మారుతుంటాయి.

అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న మనవాళ్ళు పొరపాటు పడేది ఇక్కడే. ఐ-94 (అమెరికాలో ఎన్నాళ్ళు ఉండొచ్చో చెప్పే పత్రం) గడువు ఉంటుంది, ఐ-797 (హెచ్-1బీ ఆమోద పత్రం) చేతిలో ఉంటుంది, కానీ పాస్‌పోర్టులో స్టాంపింగ్, అంటే వీసా ముద్ర, గడువు దాటిపోయి ఉంటుంది. కెనడా, మెక్సికోలకు వెళ్ళి 30 రోజుల్లోపు తిరిగొచ్చే వాళ్ళకు, గడువు దాటిన ముద్రతోనే తిరిగి రావడానికి ఒక వెసులుబాటు ఉంది. కొలంబియా వెళ్ళొచ్చే వాళ్ళకు అది లేదు. స్టాంపింగ్ లేకుండా వెళ్తే తిరిగి అమెరికా విమానం ఎక్కనివ్వరు. ఎఫ్-1 వీసా విద్యార్థులైతే ఐ-20 (కాలేజీ ఇచ్చే పత్రం) మీద ప్రయాణ సంతకం తాజాగా ఉందో లేదో కూడా చూసుకోండి.

సిద్ధం చేసుకోవాల్సినవి:

- కనీసం ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు
- అమెరికా లేదా షెంగెన్ వీసా, లేదంటే కొలంబియా ఈ-వీసా ప్రింటు
- తిరుగు టికెట్ ప్రింటు
- మొదటి రెండు రాత్రులకైనా గది బుకింగ్ కాగితం
- ప్రయాణ బీమా

## 2. ఎల్లో ఫీవర్ టీకా: వాయిదా వేయకండి

అందరూ చివర్లో గుర్తు చేసుకునే పని ఇది. నిజానికి మొదట చేయాల్సింది ఇదే.

కొలంబియా ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో ఉంది. అక్కణ్ణుంచి బయల్దేరి 6 రోజుల్లోపు భారత్‌లో దిగేవాళ్ళ దగ్గర టీకా సర్టిఫికెట్ లేకపోతే, విమానాశ్రయం నుంచి నేరుగా క్వారంటైన్‌కు పంపే అధికారం మన అధికారులకు ఉంది. వారం సెలవు పెట్టి వెళ్ళి, ఇంకో వారం క్వారంటైన్‌లో కూర్చోవడం ఎవరికి ఇష్టం?

టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. ఇది మామూలు ఆసుపత్రుల్లో వేయరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, విశాఖలో పోర్ట్ హెల్త్ ఆఫీసు అలాంటివే. ముందుగా ఏ రోజుల్లో వేస్తారో కనుక్కుని, పాస్‌పోర్టు పట్టుకుని వెళ్ళండి.

60 ఏళ్ళు దాటినవాళ్ళు, గర్భిణులు, గుడ్డు పడనివాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా వేయించుకోకూడదు.

చేతికొచ్చే చిన్న పసుపు పుస్తకంలో పేరు, పాస్‌పోర్టు నంబరు సరిగ్గా ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. తర్వాత దాన్ని పాస్‌పోర్టుతోపాటే ఉంచండి. సూట్‌కేసులో వేస్తే అవసరమైనప్పుడు దొరకదు.

## 3. ఏ నెలలో వెళ్ళాలి

మెడెయిన్ సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తున, లోయలో ఉంది. ఏడాది పొడవునా మన డిసెంబర్ ఉదయాల్లాంటి హాయి. కాబట్టి చూసుకోవాల్సింది ఎండ కాదు, వానలు, రద్దీ. ఏప్రిల్-మే, అక్టోబర్-నవంబర్ నెలల్లో వానలు ఎక్కువ, గదులు చవక. వాన సాధారణంగా మధ్యాహ్నం తర్వాత దంచి కొడుతుంది, ఉదయం తిరిగేవాళ్ళకు పెద్దగా ఇబ్బంది లేదు. ఆగస్టులో పూల పండుగ ‘ఫెరియా దె లాస్ ఫ్లోరెస్’ జరుగుతుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ తక్కువ ఖర్చులో కుదరదు. డిసెంబర్‌లో వీధి దీపాల అలంకరణ ఉచితంగా చూడొచ్చు.

కొలంబియాలో చాలా సెలవులను సోమవారానికి జరుపుతారు. ఆ మూడు రోజుల సెలవుల్లో ఊరు ఊరంతా చుట్టుపక్కల ఊళ్ళకు కదులుతుంది. బస్సులు నిండిపోతాయి, గదుల ధరలు పెరుగుతాయి. తేదీలు ఖాయం చేసే ముందు అక్కడి సెలవుల పట్టిక ఒక్కసారి చూడండి.

## 4. విమాన టికెట్

మన దేశం నుంచి నేరుగా విమానం లేదు. యూరప్ లేదా ఇస్తాంబుల్ మీదుగా కొలంబియా రాజధాని బొగోటా చేరి, అక్కణ్ణుంచి దేశీయ విమానంలో మెడెయిన్ వెళ్ళడం ఒక దారి. అమెరికాలో ఉన్నవాళ్ళకు మయామి, న్యూయార్క్ లాంటి చోట్ల నుంచి నేరుగా ఉంది, అందుకే ఈ ఊరు వాళ్ళకు ఎక్కువగా కలిసొస్తుంది.

మూడు విషయాలు గుర్తుపెట్టుకోండి.

మెడెయిన్‌కు రెండు విమానాశ్రయాలున్నాయి. అంతర్జాతీయ విమానాలు దిగేది ఊరి బయట రియోనేగ్రోలోని హోసే మరియా కోర్దోవా విమానాశ్రయంలో. ఊరి మధ్యలోని ఓలాయా ఎర్రేరా చిన్నది, దేశీయ విమానాలకే. ఒకదాంట్లో దిగి రెండోదాంట్లో ఎక్కేలా టికెట్ కొనకండి.

మధ్యలో ఆగే దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలేమో ఎయిర్‌లైన్‌ను అడగండి. రెండు వేర్వేరు టికెట్లు కొని, సామాను తీసుకుని మళ్ళీ చెక్-ఇన్ చేయాల్సి వస్తే, ఆ దేశం వీసా కావాల్సి రావచ్చు.

దేశీయ విమానాల చవక టికెట్‌లో చాలాసార్లు చిన్న చేతిసంచి ఒక్కటే కలిసి ఉంటుంది. సూట్‌కేసుకు విమానాశ్రయంలో కట్టే డబ్బు టికెట్ ధరను మించిపోవచ్చు. బుక్ చేసేటప్పుడే సామాను కలుపుకోండి.

బొగోటా నుంచి బస్సు కూడా ఉంది. కొండదారిలో తొమ్మిది పది గంటలు. విమానం గంట. వారం రోజుల ప్రయాణంలో ఆ పగలు పోగొట్టుకోవడం పొదుపు కాదని నా అభిప్రాయం.

## 5. డబ్బు ఎలా పట్టుకెళ్ళాలి

కొలంబియా పెసోలు మన ఫారెక్స్ కౌంటర్లలో సాధారణంగా దొరకవు. అక్కడ రూపాయలు ఎవరూ మార్చరు. కాబట్టి డాలర్ కార్డు ఒకటి, వేరే బ్యాంకు కార్డు ఇంకొకటి, చేతిలో 100 నుంచి 150 డాలర్ల నోట్లు. రెండు కార్డులూ ఒకే పర్సులో పెట్టకండి.

లెక్క ఇలా కట్టుకోండి. డాలర్‌కు నాలుగు వేల పెసోలకు కొంచెం అటూఇటూగా వస్తాయి. ధరలో చివరి మూడు సున్నాలు కొట్టేసి నాలుగుతో భాగిస్తే డాలర్లు వచ్చేస్తాయి. 20,000 పెసోలంటే 5 డాలర్లు. హోటల్ బోర్డు మీద ఉత్త ‘20’ అని కనిపించినా అది ఇరవై వేలే. ‘మిల్’ అంటే వెయ్యి.

ఏటీఎం దగ్గర వరుస:

1. పగటిపూట, మాల్ లోపలో బ్యాంకు లోపలో ఉన్న ఏటీఎం ఎంచుకోండి. వీధి వైపు ఉన్నది వద్దు.
2. ‘మీ కరెన్సీలోకి మార్చి చూపమంటారా’ అని అడిగితే వద్దని నొక్కండి. ఒప్పుకుంటే వాళ్ళు చెప్పిన రేటుకే మీ ఖాతాలో కోత పడుతుంది.
3. ప్రతిసారీ రుసుము ఉంటుంది కాబట్టి మూడు రోజులకు సరిపడా ఒకేసారి తీయండి.
4. అక్కడే నిలబడి లెక్కపెట్టకుండా, మాల్ లోపలికి వెళ్ళి డబ్బు రెండు చోట్ల సర్దుకోండి.

50,000, 100,000 నోట్లకు చిన్న దుకాణాల్లో చిల్లర ఇవ్వలేరు. వాటిని సూపర్ మార్కెట్‌లో మార్చుకుని, చిన్న నోట్లు బస్సులకూ వీధి తిండికీ ఉంచుకోండి.

## 6. గది ఎక్కడ తీసుకోవాలి

ఖర్చు ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

విదేశీయులంతా వెళ్ళేది ఎల్ పొబ్లాదో. హోటళ్ళు, కాఫీ షాపులు, రాత్రి పాటలు అన్నీ అక్కడే. ధరలు కూడా అలాగే ఉంటాయి. పైగా అది కొండవాలు. మెట్రో స్టేషన్ కింద ఉంటుంది, హాస్టళ్ళు పైన. పటంలో కిలోమీటరే అని చూసి బుక్ చేస్తే, రోజూ రెండుసార్లు చెమటలు కక్కుతూ ఎక్కాలి. చివరికి టాక్సీకి అలవాటు పడతారు, పొదుపంతా అందులోకి పోతుంది.

నా ఓటు లౌరెలెస్, ఎస్తాదియో ప్రాంతానికి. నేల చదునుగా ఉంటుంది, చెట్ల నీడ, ఊరివాళ్ళు తినే హోటళ్ళు, నడిస్తే మెట్రో. కుటుంబంతో వెళ్ళేవాళ్ళు, గోల వద్దనుకునేవాళ్ళు దక్షిణాన ఉన్న ఎన్విగాదో కూడా చూడొచ్చు. సెంత్రో, అంటే ఊరి నడిబొడ్డు, అన్నిటికంటే చవక. కానీ చీకటి పడ్డాక అక్కడ నడవడం మంచిది కాదు. రాత్రి ఏడు గంటలకల్లా గదిలో ఉండగలిగితేనే తీసుకోండి.

హాస్టల్‌లో మంచం 10 నుంచి 20 డాలర్లు, మామూలు సొంత గది 25 నుంచి 45 డాలర్లు అనుకోండి.

బుక్ చేసే ముందు:

- మెట్రో స్టేషన్ నుంచి నడిచే దూరం పది పన్నెండు నిమిషాలు దాటకూడదు
- ఇటీవలి సమీక్షల్లో ‘రాత్రి శబ్దం’ అన్న మాట ఉందేమో వెతకండి
- అద్దె ఫ్లాట్ అయితే ఆర్‌ఎన్‌టీ అనే పర్యాటక రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి
- వంటగది వాడుకోనిస్తారా, లాకర్ ఉందా అడగండి

కొలంబియాలో నివసించని విదేశీ పర్యాటకులకు హోటల్ బస మీద 19 శాతం వ్యాట్ మినహాయింపు ఉంది. చెక్-ఇన్‌లో పాస్‌పోర్టు మీది ప్రవేశ ముద్ర చూపించి, బిల్లులో ‘ఇవా’ అన్న పన్ను వేశారేమో చూడండి. వేస్తే మర్యాదగా అడగండి. ఏడు రాత్రుల మీద ఇది ఒక రాత్రి గది అద్దె దాటుతుంది.

## 7. బయల్దేరే ముందు, దిగిన రోజు

విమానం దిగడానికి ముందు 72 గంటల్లోపు ‘చెక్-మిగ్’ అనే ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. అది పూర్తిగా ఉచితం. కొలంబియా వలస శాఖ సొంత వెబ్‌సైట్‌లోనే నింపండి. డబ్బు అడిగిందంటే మీరు వేరే సైట్‌లో ఉన్నట్టే.

అక్కడ కరెంటు 110 వోల్టులు, ప్లగ్ అమెరికా తరహా చదును పిన్నులది. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లకు అడాప్టర్ చాలు. ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళే రైస్ కుక్కర్, కెటిల్ అక్కడ పనిచేయవు.

దిగాక:

1. విమానాశ్రయంలో అవసరానికి మించి డాలర్లు మార్చకండి. 20 డాలర్లు చాలు.
2. బయట ఊళ్ళోకి వెళ్ళే బస్సు ఉంటుంది. ఊళ్ళోని సాన్ దియేగో అనే చోటు మీదుగా సెంత్రో వెళ్తుంది. టాక్సీకి దాదాపు ఆరేడు రెట్లు అవుతుంది.
3. సాన్ దియేగో దగ్గర దిగి, అక్కణ్ణుంచి గదికి యాప్ టాక్సీ తీసుకోండి. పెద్ద సామానుతో సెంత్రోలో మెట్రో మారడం వద్దు.
4. చీకటి పడ్డాక దిగితే బస్సు మాట మర్చిపోయి, విమానాశ్రయం అధికారిక వరుసలోని టాక్సీ ఎక్కండి.
5. మర్నాడు పాస్‌పోర్టుతో వెళ్ళి ప్రీపెయిడ్ సిమ్ తీసుకోండి. క్లారో, టీగో దుకాణాలు అన్నిచోట్లా ఉంటాయి.

మనకూ వాళ్ళకూ పదిన్నర గంటల తేడా. మొదటి రోజు చుట్టుపక్కల నడిచి, తిని, పెందలాడే పడుకోండి. ఆ రోజుకు ఏ టూరూ బుక్ చేయకండి.

## 8. మెట్రో: మీ అసలు వాహనం

మెట్రోలో ‘ఎ’ లైను ఉత్తరం నుంచి దక్షిణానికి లోయ పొడవునా వెళ్తుంది. ‘బి’ లైను సాన్ అంతోనియో స్టేషన్ నుంచి పడమరకు, సాన్ హావియేర్ దాకా. కొండల మీది పేటలకు కేబుల్ కార్లు. ఇంకా ఒక ట్రామ్. ఇవన్నీ ఒకే వ్యవస్థ.

టికెట్ సుమారు ఒక డాలర్. స్టేషన్ బయటికి రాకుండా రైలు నుంచి చాలా కేబుల్ కార్లలోకి అదే టికెట్‌తో మారొచ్చు. పాస్‌పోర్టు చూపించి ‘సీవికా’ కార్డు తీసుకుంటే ఛార్జీ కొంచెం తగ్గుతుంది, ప్రతిసారీ వరుసలో నిలబడే పని తప్పుతుంది.

పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు దాకా కాలు పెట్టే చోటుండదు. జేబుదొంగల పని కూడా అప్పుడే. బ్యాగు ముందుకు వేసుకోండి. రైల్లో తినడం, నేల మీద కూర్చోవడం, గట్టిగా పాటలు పెట్టడం అక్కడ చాలా తప్పు. ఊరివాళ్ళు ఆ మెట్రోను సొంత ఇల్లులా చూసుకుంటారు, మనమూ అలాగే చూడాలి.

## 9. తిండి: మధ్యాహ్నం మీద దృష్టి పెట్టండి

మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండున్నర వరకు ప్రతి వీధిలో ‘మెనూ దెల్ దీయా’ దొరుకుతుంది. సూప్, అన్నం, చిక్కుడు గింజల కూర, వేయించిన అరటి, సలాడ్, ఒక మాంసం ముక్క, పళ్ళరసం. అన్నీ కలిపి సుమారు 4 నుంచి 6 డాలర్లు. మన ప్లేట్ మీల్స్ లాంటిదే. బయట వరుసగా మోటార్ సైకిళ్ళు ఆగి ఉన్న హోటల్ చూసి దూరండి. ఊళ్ళో పనిచేసుకునే వాళ్ళు తినే చోటు అది.

పొద్దున ‘అరేపా’ అనే మొక్కజొన్న రొట్టె, చీజ్, కాఫీ. రాత్రికి పండ్లు, బ్రెడ్డు, గదిలో వండుకున్న గుడ్లో నూడుల్సో. ఇలా పెట్టుకుంటే రోజుకు 10 నుంచి 12 డాలర్లలో తిండి అయిపోతుంది. సరుకులకు డీ-ఉనో, ఆరా అనే దుకాణాలు చవక. పళ్ళకు ‘ప్లాసా మినోరిస్తా’ మార్కెట్‌కు పగటిపూట వెళ్ళండి. మెడెయిన్‌లో కుళాయి నీళ్ళు తాగొచ్చు, కాబట్టి సీసా ఒకటి పట్టుకెళ్తే నీళ్ళ ఖర్చే ఉండదు.

శాకాహారులకు అసలు చిక్కు చిక్కుడు గింజల కూరలో ఉంది. చూడ్డానికి మన రాజ్మాలా ఉంటుంది గానీ చాలాచోట్ల పంది మాంసం ముక్క వేసి ఉడికిస్తారు. సూప్ కూడా ఎముకల రసంతో చేసిందే కావచ్చు. ‘కార్నే లేకుండా’ అంటే కొందరు గొడ్డు మాంసం మాత్రమే తీసేసి చికెనో హ్యామో పెడతారు. కాబట్టి అన్నీ విడివిడిగా చెప్పాలి:

- సోయ్ వెహెతారియానో: నేను శాకాహారిని (ఆడవాళ్ళు ‘వెహెతారియానా’ అనాలి)
- సిన్ కార్నే, సిన్ పొయ్యో, సిన్ పెస్కాదో, సిన్ హమోన్: మాంసం, కోడి, చేప, హ్యామ్ లేకుండా
- లోస్ ఫ్రిహోలెస్ తియేనెన్ సెర్దో?: చిక్కుడు గింజల్లో పంది మాంసం ఉందా?
- క్వాంతో క్వెస్తా?: ఎంత?

ఉందంటే అన్నం, అరటి, అవకాడో, సలాడ్, గుడ్డు తినేవాళ్ళైతే గుడ్డు అడగండి. మర్యాదగానే పెడతారు. వంటల్లో కారం ఉండదు. గుంటూరు కారం చిన్న డబ్బా ఒకటి, కంపెనీ సీల్ ఉన్న పచ్చడి ప్యాకెట్లు రెండు పట్టుకెళ్ళండి. విత్తనాలు, పచ్చి పళ్ళు, ఇంట్లో కట్టిన మూటలు మాత్రం వద్దు.

ఇక్కడ మన నోటికి చుట్టాలు కూడా దొరుకుతాయి. ‘పనేలా’ అంటే బెల్లమే. బెల్లం నీళ్ళలో నిమ్మరసం పిండి ఇచ్చే ‘అగ్వాపనేలా’ తాగితే పానకం గుర్తొస్తుంది. ‘మాంగో బిచే’ అని వీధుల్లో పచ్చి మామిడి ముక్కల మీద ఉప్పు, నిమ్మరసం చల్లి అమ్ముతారు. ‘గ్వానాబానా’ మన సీతాఫలం కుటుంబానిది. డాలర్‌లోపు వచ్చే సంతోషాలు ఇవి, వదులుకోకండి.

కూర్చుని తినే హోటళ్ళలో బిల్లుకు ముందు సర్వీసు కలపమంటారా అని అడుగుతారు. అది 10 శాతం, ఐచ్ఛికం. బాగా చూసుకుంటే ఇవ్వండి.

## 10. ఏ రోజు ఏం చూడాలి

చూసే చోట్లలో చాలా భాగం ఉచితం. చిక్కంతా వరుసలోనే ఉంది. సోమవారం మూసేవి చాలా ఉన్నాయి. కాబట్టి సోమవారానికి కొమూనా 13 అనే కొండపేట పెట్టుకోండి, ఆదివారానికి సైకిల్ రోడ్డు, గ్వాతపే అనే బయటి ఊరికి వారం మధ్య రోజు.

సెంత్రో. ఉదయం తొమ్మిదికి పార్కే బెర్రీయో స్టేషన్‌లో దిగండి. పక్కనే ప్లాసా బొతేరో, అందులో కొలంబియా కళాకారుడు ఫెర్నాందో బొతేరో చేసిన 23 కంచు శిల్పాలు. పక్కనున్న మ్యూజియానికి టికెట్ ఉంది, శిల్పాలకు లేదు. అక్కణ్ణుంచి సాన్ అంతోనియో పార్కుకు నడవండి. 1995లో బాంబు పేలి చీలిపోయిన బొతేరో పక్షి శిల్పం, దాని పక్కనే ఆయన తర్వాత ఇచ్చిన రెండో పక్షి ఉంటాయి. తర్వాత ట్రామ్ ఎక్కి ‘కాసా దె లా మెమోరియా’ అనే స్మృతి మ్యూజియం చూడండి. ప్రవేశం ఉచితం. మాదకద్రవ్యాల ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్ పేరు మీద నడిచే టూర్లకు డబ్బు పెట్టకండని గట్టిగా చెబుతాను. ఈ ఊళ్ళో ఆ ముఠాల రోజుల్లో మనిషిని పోగొట్టుకోని ఇల్లు అరుదు. వాళ్ళ గొంతు వినాలంటే ఈ మ్యూజియమే సరైన చోటు.

కొమూనా 13. సాన్ హావియేర్ స్టేషన్‌లో దిగి ఫీడర్ బస్సు. కొండ ఎక్కడానికి ఆరుబయట ఎస్కలేటర్లు ఉన్నాయి, ఎక్కడం ఉచితం. పదకొండు లోపు వెళ్ళి రండి, మధ్యాహ్నానికి జాతర అవుతుంది. అక్కడ పుట్టి పెరిగిన గైడుతో వెళ్తే గోడ బొమ్మల అర్థం తెలుస్తుంది. ‘ఉచిత టూరు’ అన్నా చివర్లో ఇవ్వాలి. మనిషికి 10 డాలర్లకు సమానంగా ఇస్తే న్యాయం. బొమ్మలున్న ప్రధాన దారి వదిలి సందుల్లోకి వెళ్ళకండి, అవి జనం కాపురముండే ఇళ్ళు.

కేబుల్ కారు, అర్వీ అడవి. ‘ఎ’ లైనులో అసెవేదో దిగి ‘కె’ కేబుల్ ఎక్కండి. సాంతో దొమింగో దాకా మెట్రో టికెట్టే చాలు. అక్కణ్ణుంచి అర్వీ పార్కుకు వెళ్ళే ‘ఎల్’ లైనుకు వేరే టికెట్, కొంచెం ఖరీదు. పైన చలి, స్వెట్టర్ కావాలి. డబ్బు చాలదనుకుంటే సాంతో దొమింగో దాకా వెళ్ళి వెనక్కి రండి. లోయ అంతా ఒక్క డాలర్‌లో కనిపిస్తుంది.

గ్వాతపే. పెద్ద రాతికొండ, సరస్సు, రంగుల గోడల ఊరు. దీనికి రోజంతా కేటాయించండి.

1. ఏడు గంటలకల్లా కరీబే స్టేషన్ పక్కనున్న తెర్మినాల్ దెల్ నోర్తె బస్టాండు చేరండి.
2. కౌంటర్‌లో ‘లా పియేద్రా’కు, అంటే ఆ రాయి దగ్గరికి, టికెట్ అడగండి. రెండు గంటల ప్రయాణం.
3. ముందు రాయి ఎక్కండి, 700కు పైగా మెట్లు. ఎండ ముదరకముందే పైన ఉండాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద నుంచే సరస్సు చూడొచ్చు.
4. దిగాక రంగుల గోడల ఊరికి షేర్ బండిలో వెళ్ళండి.
5. ఊళ్ళో అడుగుపెట్టగానే తిరుగు బస్సు టికెట్ కొనేయండి. ఆదివారం సాయంత్రమైతే ఇది మరీ ముఖ్యం.

ఏజెన్సీ టూరుకు పడవ, భోజనం కలిపి చెబుతారు, కానీ మెట్లు ఎక్కే సమయానికి ఎండ నెత్తిన ఉంటుంది. బస్సే మేలు.

మిగతావి. బొటానికల్ గార్డెన్ ఉనివర్సిదాద్ స్టేషన్ పక్కనే. ఆదివారం ఉదయం పెద్ద రోడ్లలో కొంత భాగం సైకిళ్ళకూ నడకకూ వదిలేస్తారు. ఫుట్‌బాల్ ఇష్టమైతే అతనాసియో హిరార్దో స్టేడియంలో మ్యాచ్ చూడండి. టికెట్ తూర్పు వైపు ‘ఓరియెంతాల్’ గ్యాలరీకి కొనండి. ఉత్తరం, దక్షిణం చివరలు వీరాభిమానులవి, కొత్తవాళ్ళకు కాదు. ఆ రోజు ఆకుపచ్చ గానీ ఎరుపు గానీ వేసుకోకండి. రెండూ ఊరి రెండు జట్ల రంగులు.

## 11. జాగ్రత్తలు: ‘బొప్పాయి ఇవ్వకు’

కొలంబియాలో ఒక నానుడి ఉంది: ‘నో దార్ పపాయా’. బొప్పాయి ఇవ్వకు అని. అంటే అవతలివాడికి నువ్వే అవకాశం ఇవ్వకు. ఊరివాళ్ళు వాళ్ళ పిల్లలకు చెప్పే మాట ఇది.

- రోడ్డు అంచున నిలబడి ఫోన్ చూడకండి. దారి చూసుకోవాలంటే దుకాణం లోపలికి వెళ్ళండి
- బంగారం ఇంట్లోనే ఉంచండి, సన్నటి గొలుసైనా సరే
- పాస్‌పోర్టు లాకర్‌లో, ఫోటోకాపీ జేబులో
- రాత్రి తొమ్మిది దాటితే రెండు వీధులైనా యాప్ టాక్సీలోనే. నంబరు ప్లేటు సరిచూసుకుని ఎక్కండి
- ఎవరైనా ఫోనో పర్సో అడిగి బెదిరిస్తే ఇచ్చేయండి, ఎదురు తిరగవద్దు
- అత్యవసర నంబరు 123

ఒక విషయం మొహమాటం లేకుండా చెప్పాలి. ‘స్కోపొలమైన్’ అనే మందు పానీయంలో కలిపి, మనిషికి స్పృహ తప్పించి దోచుకోవడం ఇక్కడ నిజంగా జరుగుతుంది. డేటింగ్ యాప్‌లో పరిచయమైన వాళ్ళను కలవడానికి వెళ్ళిన విదేశీ మగవాళ్ళు ఇలా ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. కొత్తవాళ్ళు ఇచ్చింది తాగకండి. గ్లాసు వదిలి వెళ్తే మళ్ళీ దాన్ని ముట్టుకోకండి. కొత్తవాళ్ళను గదికి తీసుకురాకండి.

## 12. రోజు ఖర్చు లెక్క

ఒక్కరికి, విమానం కాకుండా:

- మంచం: 15 డాలర్లు
- తిండి: 11 డాలర్లు
- మెట్రో, బస్సు: 3 డాలర్లు
- టికెట్లు, గైడు: రోజుకు సగటున 5 డాలర్లు
- రాత్రి టాక్సీ, చిల్లర: 4 డాలర్లు

మొత్తం 38 డాలర్లు. వారానికి 266. దీని మీద 50 డాలర్లు విడిగా పెట్టి, అవి లేవనే అనుకోండి. ఇద్దరు కలిసి గది తీసుకుంటే మంచం ఖర్చులోనే సొంత గది వస్తుంది.

## 13. తప్పు జరిగితే ఏం చేయాలి

కార్డు పనిచేయలేదు. వరుసగా మూడుసార్లు ప్రయత్నించకండి, బ్లాక్ అవుతుంది. ఇంకో బ్యాంకు ఏటీఎంలో తక్కువ మొత్తంతో చూడండి. ఈలోపు డాలర్ నోట్లు మాల్‌లోని మార్పిడి కౌంటర్‌లో మార్చుకోండి, పాస్‌పోర్టు అడుగుతారు.

పాస్‌పోర్టు పోయింది. పోలీసు ఫిర్యాదు కాగితం తీసుకుని బొగోటాలోని భారత రాయబార కార్యాలయాన్ని సంప్రదించండి. పాస్‌పోర్టు, వీసా, ప్రవేశ ముద్ర మూడింటి ఫోటోలూ ముందే ఈమెయిల్‌లో పెట్టుకుని ఉంటే పని తొందరగా అవుతుంది.

వీధిలో పోలీసునని చెప్పి పర్సు చూపించమన్నాడు. పర్సు చేతికివ్వకండి. దగ్గర్లోని ‘కాయ్’, అంటే చిన్న పోలీసు ఔట్‌పోస్టు, దాకా వెళ్దామనండి.

గ్వాతపేలో చివరి బస్సు తప్పింది. అర్ధరాత్రి కొండదారిలో దొరికిన బండి ఎక్కకండి. ఆ రాత్రికి అక్కడే హాస్టల్ తీసుకోండి. విడిగా పెట్టిన 50 డాలర్లు ఇందుకే.

## 14. తిరుగు ప్రయాణం

చెక్-మిగ్ ఫారం వెళ్ళేటప్పుడు కూడా నింపాలి. ఇది చాలామంది మర్చిపోయి, విమానాశ్రయంలో నెట్ కోసం వెతుక్కుంటారు. ముందురోజు రాత్రే గదిలో కూర్చుని నింపేయండి.

కాఫీ పొడి విమానాశ్రయంలో కాదు, సూపర్ మార్కెట్‌లో కొనండి. సీల్ ఉన్న ప్యాకెట్లే తీసుకోండి. పెసోలు ఇండియాలో మారవు. మిగిలినవి చివరి రోజు గది బిల్లుకో సరుకులకో వాడేయండి.

విమానాశ్రయం ఊరి బయట కొండ అవతల ఉంది. వానపడితే దారిలో ఆలస్యం అవుతుంది. విమానానికి నాలుగు గంటల ముందు గది వదిలితే టెన్షన్ ఉండదు.

నేరుగా ఇండియా వచ్చేవాళ్ళు పసుపు పుస్తకం చేతిలోనే ఉంచుకోండి. ఇమిగ్రేషన్‌కు ముందే ఆరోగ్య శాఖ కౌంటర్‌లో దాన్ని అడగొచ్చు.